సొరుగులో ఏడుగురు

ముఖ్యమంత్రి ఠాకూర్ జంగ్‌బహదూర్ సింగ్‌గారికి డాక్టరు జిలేబీ మాన్పించి పది రోజులైంది. ఆ పది రోజులూ ఆయన మొహాన నవ్వన్నది లేదు. పదకొండో రోజు ఎన్నికల టికెట్లు పంచడానికి కూర్చుని, కొత్త మెలికొకటి పెట్టాడు మహానుభావుడు. టికెట్ అడిగినవాడి మీద ఎవరైనా సరే అందరి ముందూ ఫిర్యాదు చేయొచ్చు. దానికి జవాబు చెప్పి తనను నవ్విస్తే టికెట్, నవ్వించలేకపోతే ఇంటికి.

ఇదేం విడ్డూరమని ఎవరూ అనలేదు. అంటే వాళ్ల టికెట్ పోదూ.

గోవర్ధన్ పాఠక్‌కి మాత్రం ఇది చావుబతుకుల సమస్య అయింది. ఇరవై ఏడేళ్లు 'లోక్ డంకా' అనే హిందీ దినపత్రికకు ఎడిటరుగా ఉండి, రోజూ పొద్దున్నే నాయకులందర్నీ ఉతికి ఆరేసినవాడాయన. ఉతికి ఉతికి విసుగెత్తి, తానే నాయకుడైపోదామని నెల కింద కుర్చీ వదిలి పార్టీలో చేరాడు. ఆయన లేచాడో లేదో, యజమాని ఆ కుర్చీలో ఇంకొకణ్ణి కూర్చోబెట్టేశాడు. ఇప్పుడు చంపాగంజ్ నియోజకవర్గం టికెట్ రాకపోతే పాఠక్ ఎడిటరూ కాడు, ఎమ్మెల్యే కాడు. ఊళ్లో అందరూ నవ్వుతారు, ఠాకూర్ ఒక్కడు తప్ప.

ఆ చంపాగంజ్ మీద ఇంకొకాయన కన్ను కూడా ఉంది. మంత్రి కుంజ్‌బిహారీ సక్సేనా. తన కోసం కాదు పాపం, బామ్మర్ది కోసం. ఈ మంత్రిగారి సంగతి పాఠక్‌కి బాగా తెలుసు. పొద్దున్నే పేపర్లో తన ఫోటోని స్కేలు పెట్టి కొలిచేవాడు. పక్క మంత్రి ఫోటో కన్నా వేలెడు తగ్గిందంటే ఫోన్ చేసి అరగంట సాధించేవాడు. పాఠక్ తలమీద సగం జుట్టు ఊడింది ఆ ఫోన్లకే.

పాఠక్ పేరు పిలవగానే కుంజ్‌బిహారీ లేచాడు. చేతిలో ఆరు కాగితాలు.

"ఠాకూర్ సాబ్, ఈ పెద్దమనిషి మీ చావు వార్త రాసి పెట్టుకున్నాడు."

హాల్లో అందరూ ఆ కాగితాల వైపు మెడలు చాచారు. అక్షరాలు పాఠక్‌వే, ఆకుపచ్చ సిరా. కొత్త ఎడిటరు మంత్రిగారి మెప్పు కోసం పాఠక్ పాత సొరుగులోంచి తీసి ఇచ్చాడు. కుంజ్‌బిహారీ గొంతు సవరించుకుని చదివాడు. పైన 'ముఖ్యమంత్రి ఇక లేరు' అని శీర్షిక. కింద, గత కొంతకాలంగా ఫలానా జబ్బుతో బాధపడుతూ అని మొదలు. జబ్బు పేరు దగ్గర ఖాళీ, తేదీ దగ్గర ఖాళీ. ఏ జబ్బొచ్చినా పనికొచ్చేలా రాశాడండీ అంటూ మంత్రి కళ్లు కూడా ఒత్తుకున్నాడు. బతికున్న మనిషికి ఇలా రాయడం మహాపాపమన్నాడు. ఇలాంటివాడు పార్టీలో ఉండటమే అరిష్టమన్నాడు.

ఠాకూర్ మొహం కందగడ్డయింది. రాసింది నువ్వేనా అని అడిగాడు.

నేనేనన్నాడు పాఠక్. ఎంతైనా ఎడిటరు నోరాయె. పత్రికల్లో ఇది ఆనవాయితీ అని చెప్పాడు. పెద్దవాళ్లు పోయేముందు పేపరువాళ్లకి కబురు చేసి పోరు. పేజీ మిషనెక్కే వేళకి కబురొస్తే, పుట్టిన ఊరేదో చదివిన బడేదో వెతికే తీరిక ఎవడికుంది? అందుకని ముందే రాసి సొరుగులో పెడతారు. ఠాకూర్ ఎమ్మెల్యే అయిననాడు తాను పది లైన్లతో మొదలుపెట్టాడట. మంత్రి అయ్యాక రెండు పేజీలైంది, ముఖ్యమంత్రి అయ్యాక ఆరు. రాసిపెట్టిన వాళ్లు ఓ పట్టాన పోరనీ, రాయని వాళ్లే హఠాత్తుగా పోయి తమ ప్రాణం తీస్తారనీ కూడా చెప్పాడు.

ఠాకూర్ కాగితాలు లాక్కుని చదువుకున్నాడు. మూడో పేజీలో నేను కట్టించిన వంతెన లేదే అని గొణిగాడు. కోపం కాస్త దిగింది. కానీ నవ్వు రాలేదు, నవ్వు రానిదే టికెట్ లేదు.

ఆ సొరుగులో ఇంకెవరున్నారని అడిగాడు ఠాకూర్. పాఠక్ ఓరకంట కుంజ్‌బిహారీ వైపు చూశాడు. అంతే, ఏం చేయాలో తట్టేసింది.

పోతే రాష్ట్రం ఆగిపోయేవాళ్లకే ఆ సొరుగులో చోటన్నాడు. నింపాదిగా ఒక్కో వేలూ ముడుస్తూ లెక్క చెప్పాడు. ఠాకూర్ సాబ్. ప్రతిపక్ష నాయకుడు. ఒక గాయని. ఒక స్వామీజీ. పాత గవర్నరు. గుండెలు కోసే డాక్టరు. తొంభై ఏళ్ల పహిల్వాన్. ఏడుగురయ్యారు. పాఠక్ చేతులు దించేశాడు.

కుంజ్‌బిహారీ ఇంకా ఆ చేతులవైపే చూస్తున్నాడు.

"మరి నాదేదీ?"

"బతికుండగా రాస్తే మహాపాపం కదా మంత్రిగారూ."

పాపం సంగతి తర్వాత అన్నాడు కుంజ్‌బిహారీ, మొహం ఎర్రబడి. కుస్తీలు పట్టేవాడికి రాసినవాడివి, మూడుసార్లు మంత్రి అయినవాడికి రాయవా అని నిలదీశాడు.

మీకు ముందే రాయక్కర్లేదండీ అన్నాడు పాఠక్, ఎంతో వినయంగా. లోపలి పేజీలో వాతావరణం కింద నాలుగు లైన్లే కాబట్టి, ఆ రోజు రాసుకున్నా సరిపోతుందన్నాడు.

"నాలుగు లైన్లా? నేను పోతే మొదటి పేజీలో మూడు కాలమ్‌లు రావాలి. ఫోటో ఠాకూర్ సాబ్ ఫోటోకి వేలెడు కూడా తగ్గడానికి వీల్లేదు. ఇవాళే రాయి!"

తానేం అడిగాడో ఆయనకి తెలిసేసరికి హాలంతా గొల్లుమంది. ఠాకూర్ బొజ్జ కదిలింది, మీసం కదిలింది, చివరికి కుర్చీ కూడా కదిలింది. పది రోజుల నవ్వంతా ఒక్కసారే వచ్చేసింది. కళ్లు తుడుచుకుంటూనే చంపాగంజ్ టికెట్ మీద పాఠక్ పేరు రాశాడు. మంత్రిగారి ముచ్చట కూడా తీర్చమనీ, జబ్బు పేరు దగ్గర మాత్రం ఖాళీ వదలకుండా 'ఫోటో' అని రాయమనీ ఆజ్ఞాపించాడు.

తర్వాత గుమ్మం దగ్గరున్న వంటవాణ్ణి పిలిచాడు.

"ఓ పళ్లెం జిలేబీలు పట్రా. పోతే పోతాను, వార్త రెడీగానే ఉంది."