మొదటి తొక్కుడు

"రెండు వందల వేగంలో కారును నిలబెట్టే బ్రేకు, ఇంటి గేటు దగ్గర నిలబెట్టదా సార్?" అని మహబూబ్ బాషా తన గురువును అడిగాడు. నిజానికి అది అడగడం కాదు. జవాబు ముందే మనసులో పెట్టుకుని, దాన్ని ఎదుటివాడి నోట వినాలనుకునే మాట అది. శిష్యులు అడిగేవాటిలో సగం ఇలాంటివే ఉంటాయి.

గురువు పేరు వెంకోబారావు. మదనపల్లె దాటి కొండదారి పట్టగానే మెరక మీద ఆయన షెడ్డు కనిపిస్తుంది. వయసులో ఉండగా కార్ల పందేల్లో తిరిగాడు. ఇప్పుడు వేగపు కార్లకు బ్రేకులు అమర్చడం, ఆ పని నలుగురికీ నేర్పడం ఆయన బతుకు. ఎదురుగా కూర్చుని ఎవరైనా ఇంజను గొప్పలు చెబితే మొహమాటం లేకుండా ఆవులిస్తాడు. ఆయనకొక అలవాటుంది. బ్రేకులు మార్చిన బండిని మార్చిన రోజే ఇవ్వడు. రాత్రంతా ఆరుబయట మంచులో వదిలేసి, తెల్లవారాక తనే ఎక్కి, నాలుగడుగులు కదిలించి, ఒక్కసారి బ్రేకు తొక్కుతాడు. ఆ మొదటి తొక్కుడు నచ్చితేనే తాళం ఇస్తాడు. నచ్చకపోతే కారు యజమాని ఎంతటివాడైనా బెంచీ మీద కూర్చోవలసిందే. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లంతా దీన్ని ముసలాయన చాదస్తం కింద జమకట్టారు. బాషా అయితే మరీను.

బాషాను తప్పుపట్టడానికి లేదు. చదువుకున్నవాడు, చెయ్యి తిరిగినవాడు. ఆ వారం వాడు పని చేసింది లోకనాథ నాయుడి కారు మీద. నాయుడిది టమోటా మండీలో వ్యాపారం. కొండకింద పాత రన్‌వే మీద ఆదివారాలు జరిగే పరుగుల పిచ్చి ఆయనకు కొత్తగా పట్టుకుంది. బాషా ఆ కారుకు అన్నం పళ్లేలంత డిస్కులు వేశాడు. వాటిని గట్టిగా నొక్కిపట్టే పెద్ద కాలిపర్లు, ఉక్కుజాలి చుట్టిన గొట్టాలు, ఎంత కాగినా మరగని బ్రేకు ఆయిల్ కూడా వేశాడు. అంతవరకు వెంకోబారావు చూసి తల ఊపాడు. తకరారంతా డిస్కును రెండు పక్కలా ఒరుసుకుని ఆపే ప్యాడ్ల దగ్గర వచ్చింది. పందెపు ప్యాడ్లు కాలేకొద్దీ డిస్కును బాగా పడతాయి, చల్లగా ఉంటే బద్ధకిస్తాయి. అందుకే రన్‌వేకు ఒక జత, రోడ్డుకు ఒక జత పెట్టుకుని మార్చుకోవడం వాడుక. నాయుడికి అంత ఓపిక లేదు. పందెపు జతే ఎప్పటికీ ఉండనీ అన్నాడు. బాషా సరేనని, రన్‌వే మీదికి తీసుకుపోయి డిస్కులు ఎర్రబడేదాకా తోలి తొక్కితే, బెల్టు ఛాతీని కోసేసినంత పనయింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈ బ్రేకు రచ్చ గెలిచి వచ్చింది, ఇంటి సంగతి ఇంకా తేలవలసి ఉంది.

నాయుడి ఇల్లు ఎలా ఉంటుందో షెడ్డులో అందరికీ తెలుసు. ఇల్లు మెట్ట మీద, గేటు పల్లంలో. రోజూ పొద్దున ఆయన కారు బయటికి తీసేలోగా, రెండో తరగతి చదివే కూతురు యశ్విత బడిసంచితో ముందే కిందికి పరుగెత్తి గేటు తెరుస్తుంది. తెరిచి పక్కకు తప్పుకోదు. దారికి నడుమ నిలబడి, నాన్న కారును దగ్గరదాకా రానిచ్చి, పోలీసులా చెయ్యెత్తి ఆపుతుంది. షెడ్డుకు వచ్చినప్పుడల్లా నాయుడు ఈ ముచ్చట చెప్పి మురిసిపోయేవాడు. తెలివైనవాళ్లు తప్పు చేసేటప్పుడు సాధారణంగా విషయం తెలియక చేయరు, తెలిసిన రెండు విషయాలను ఒకచోటికి తేక చేస్తారు. బాషాకు ఆ గేటూ తెలుసు, చల్లటి ప్యాడ్ల బద్ధకమూ తెలుసు. ఆ పాప ముచ్చట విని అందరితో పాటు వాడూ నవ్వాడు.

గురువు వాదనకు దిగలేదు. కారును బయట పెట్టించి, "పొద్దున పెందళాడే రా నాయనా, నువ్వే తోలుదువు గాని" అన్నాడు, అంతే.

ఆ కొండదారిలో చలికాలపు మంచు చూడనివాళ్లకు చెప్పడం కష్టం. చెయ్యి చాపితే వేళ్లు కనబడవు. బాషా వచ్చేసరికి ముసలాయన శాలువా కప్పుకుని కారు పక్కనే ఉన్నాడు. కారంతా చెమ్మ. ఆయన తాళం వాడి చేతికిచ్చి, తాను దిగువకు నడిచి వెళతాననీ, కాసేపాగి బయలుదేరమనీ, సైకిలంత వేగం చాలుననీ, తన తెల్లచొక్కా కనబడగానే ఆపమనీ చెప్పాడు. పల్లంలోకి నాలుగడుగులు వేశాడో లేదో, మంచు ఆయన్ను మింగేసింది. చెప్పుల చప్పుడు కాసేపు వినిపించి అదీ ఆగిపోయింది.

తర్వాత జరిగింది బాషా నాకు చెప్పినట్టే చెబుతున్నాను. వాడు అబద్ధాలాడే మనిషి కాడు.

కారు పల్లానికి దిగింది. రోజూ నడిచే దారే, కాని ఆ పొద్దు ఎవరిదో దారిలా ఉంది. పక్కనున్న కంచె లేదు, వేరుశనగ చేను లేదు, ఇంజను చప్పుడు కూడా ఎక్కడో దూరంగా వేరే బండిలోంచి వస్తున్నట్టు వినిపించింది. అంతలో దారి నడుమ తెల్లచొక్కా కనబడింది. పైన సార్ పెట్టుకునే మంకీక్యాప్. ఆయన పక్కన, ఆయన నడుము ఎత్తున, వీపుకు సంచీ ఉన్న చిన్న ఆకారం ఒకటి. పెద్దాయన చెయ్యి కిందికి వేలాడి ఉంది. ఆ చేతిని చిన్నది పట్టుకుని ఉంది. తోడుకు ఎవరినో తెచ్చుకున్నట్టున్నాడనుకుని బాషా బ్రేకు తొక్కాడు.

పెడలు రాయిలా గట్టిగా ఉంది. కాలు చేసే పని కాలు చేసింది. కారు మాత్రం వినలేదు. ఏ నడకన దిగుతున్నదో ఆ నడకనే, వాడితో తనకేమీ పనిలేనట్టు, దిగుతూనే ఉంది. బాషా సీటులోంచి లేచినంత పని చేసి రెండు కాళ్లతోనూ తొక్కాడు. అన్నిటికన్నా భయంకరం ఏమిటంటే, చక్రం కీచుమనలేదు, ఏదీ తెగినట్టు లేదు, అంతా నెమ్మదిగా ఉంది. ముందున్నవాళ్లు కదల్లేదు. ఇంకా దగ్గరికి వచ్చాక, చిన్నది సార్ చేతిని వదిలి తన చెయ్యి పైకెత్తింది.

అప్పుడు తెల్లచొక్కా బానెట్టు కిందికి వెళ్లిపోయింది. మెత్తని చప్పుడయింది. ఆ తర్వాత, ఇక అక్కర్లేని సమయానికి, బ్రేకు పట్టింది.

బాషా తలుపు తెరిచి దిగబోయి పడ్డాడు. మోకాళ్ల మీదనే పాకుతూ కారు కిందికి చేతులు పెట్టి వెతికాడు. చేతికి గడ్డి తగిలింది, కర్రలు తగిలాయి. సార్ చొక్కా తగిలింది, అందులో మనిషి లేడు. కంచె పక్కనుంచి వెంకోబారావు శాలువాతో వచ్చి వాడి వెనక నిలబడ్డాడు. ఆయన్ను చూడగానే బాషాకు ముందు ఏడుపు, దాని వెనకే పట్టరాని కోపం వచ్చాయి. ఇదేమి ఆట అని అరిచాడు కూడా. కోపం దిగాక సిగ్గు మిగిలింది. ముసలాయన వంగి చక్రం సందులోంచి బొమ్మను లాగాడు. వేరుశనగ చేలోంచి తెచ్చిన దిష్టిబొమ్మ అది. ఒక నిలువు కర్ర, భుజాలకు ఒక అడ్డకర్ర. రెండు చేతులూ ఆ అడ్డకర్ర మీద అటూ ఇటూ బారుగా చాపి ఉన్నాయి. వాటిని కిందికి వంచాలన్నా వంగవు. బాషా ఆ చేతులవంక చూసినా, ఆ గాభరాలో దాని గురించి ఆలోచించలేదు. చుట్టూ గడ్డిలో ఇంకో బొమ్మ కోసం కాసేపు కళ్లతో వెతికి, సార్ తీసి దాచి ఉంటాడనుకున్నాడు. "నాయుడు వచ్చే వేళయింది" అని మాత్రం గురువు అన్నాడు.

బాషా జాకీ తెచ్చి చక్రాలు విప్పాడు. నట్లు ఒకటి రెండుసార్లు మట్టిలో పడ్డాయి. పందెపు జత తీసి పెట్టెలో పెట్టి, రోడ్డు జత బిగించి, కుదురుకునేదాకా దారి మీద తోలి, చల్లారనిచ్చి తెచ్చాడు. ముసలాయన ఎక్కి ఒకసారి తొక్కి, దిగి, తాళం వాడి చేతికే ఇచ్చాడు.

నాయుడు కూతుర్ని వెంటబెట్టుకుని ఆటోలో వచ్చాడు. విషయం వినగానే ముఖం చిట్లించి, ఆదివారం ఆదివారం ఈ మార్పిడి ఎవడు పడతాడు, సరేనన్నది నువ్వే కదా అని బాషాను నిలదీశాడు. మామూలుగా అయితే బాషా నీళ్లు నమిలేవాడు.

"ఆదివారం నేనే వచ్చి ఏస్తా నాయుడన్నా, సాయంత్రం నేనే తీస్తా. మిగతా దినాలు ఇవే ఉండాల. కాదంటే కారు ఈడే ఉండనీ, నేను తాళం ఇయ్యను."

నాయుడు వాడి ముఖంలోకి చూసి, అక్కడ ఏం కనబడిందో గాని, సరేనని తాళం కోసం చెయ్యి చాపాడు. ఈలోగా పాప అలవాటు కొద్దీ షెడ్డు గేటు దగ్గరికి పరుగెత్తి, దారి నడుమ నిలబడి చెయ్యెత్తింది. కారు కదిలి, ఆ పిల్లకు చాలా ఎడంగా ఉండగానే, తృప్తిగా ఆగింది. పిల్ల ఇంత దూరంలోనే ఆపేశాడని నాన్న మీద అలిగింది. బాషా అటు చూడలేక ముఖం తిప్పుకున్నాడు.

వాళ్లు వెళ్లాక మంచు విడిపోయి ఎండ వచ్చింది. వేరుశనగ చేను ఎప్పటిలాగే కనబడుతోంది. బాషా బొమ్మకు తొడిగిన చొక్కా విప్పి, గడ్డి దులిపి, గురువు పక్కన కూర్చున్నాడు. మనసు కాస్త తేలికపడింది కాబట్టి నవ్వుతూనే అడిగాడు. పెద్ద బొమ్మ సరే, ఆ చిన్నదానికి చెయ్యి పైకి లేచేలా తాడు ఎక్కడ కట్టినారు, ఎంత వెతికినా నాకు దొరకలేదు అన్నాడు.

వెంకోబారావు పల్లంవైపు చూశాడు. బాషా నవ్వు మెల్లగా ఆగిపోయింది.

"నేను నిలబెట్టింది ఒకటే నాయనా" అన్నాడు. "ఎప్పుడు నిలబెట్టినా నాక్కూడా రెండే కనపడతాయి."