మూడోసారి అడిగిన ముద్ద

అనగనగా, మీ ముత్తాత ముత్తాతకి ఇంకా పాలపళ్ళు రాని కాలంలో, చింతపురి రాజ్యాన్ని ఒక రాజు ఏలుతుండేవాడు. బాగా ఏలేవాడని నేను చెప్పను. నిద్ర రాని పూటల్లో ఏలేవాడు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉండేది. ఎవరేది పెట్టినా మొదటిసారి వద్దనాలి. రెండోసారీ వద్దనాలి. మూడోసారి మాత్రం, "సరే, మీరింతగా అడుగుతుంటే" అని చెయ్యి చాపాలి. మొదటిసారే చాపిన పిల్లలకి తల్లులు తొడపాశం పెట్టేవారు. అక్కడి దొంగకి మజ్జిగ ఇచ్చినా, వాడూ రెండుసార్లు వద్దని, మూడోసారి తాగి, అప్పుడు చెంబు ఎత్తుకుపోయేవాడు.

రాజుగారికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి మీసం ఎక్కువ. రెండోవాడికి మాట ఎక్కువ. మూడోవాడు మణిమేఘుడికి ఆకలి ఎక్కువ. అన్నల విస్తళ్ళలో గారెలు సగం వాడి విస్తట్లోకే వచ్చేవి. అందుకని అన్నలంటే వాడికి ప్రాణం.

ఒకనాడు పెద్దవాడు ఏడు సముద్రాల అవతల ఏముందో చూసొస్తానని వెళ్ళాడు. రాలేదు. అన్నని వెతుకుతూ రెండోవాడు వెళ్ళాడు. రాలేదు. రాణి రోజూ ఆ ఇద్దరికీ విస్తళ్ళు వేసి, వడ్డించి, ఎదురుగా కూర్చునేది. అది చూడలేక మణిమేఘుడూ లేచాడు.

"వాళ్ళని తీసుకునే వస్తానమ్మా" అన్నాడు.

సముద్రం ఒడ్డున ఒక ముసలి తాబేలు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. మణిమేఘుడు దాన్ని తిరగేసి నిలబెట్టాడు.

"వీపెక్కు బాబూ, అవతలి ఒడ్డుకి చేరుస్తాను."

"నీకెందుకు తాతా శ్రమ?"

"ఎక్కు నాయనా."

"అబ్బే, వద్దు తాతా."

"ఎక్కుతావా, నన్ను పొమ్మంటావా?"

మూడోసారయింది కనుక ఎక్కాడు. ఏడో సముద్రంలో తాబేలు చెప్పింది.

"మీ అన్నలూ ఇలాగే ఎక్కారు. అవతల కరాళుడనే మాంత్రికుడి కోట ఉంది. అక్కడ ఏదైనా ఒక్కసారే అడుగుతారు. ఆ గడప లోపల మనసులో ఒకటి ఉంచుకుని నోటితో ఇంకొకటి అంటే రాయైపోతారు. వాణ్ణి గెలవడం ఎవరి వల్లా కాదు. వాడి ప్రాణం ఒక రాతిచిలుకలో ఉంది. రాయిని ఎవరు చంపగలరు?"

కోట భోజనశాలలో ఇద్దరన్నలూ ఉన్నారు, రాళ్ళై. పెద్దవాడి చెయ్యి వద్దన్నట్టు పైకి లేచి ఉంది. రెండోవాడి చెయ్యి విస్తరికి అడ్డంగా ఉంది. "ఇప్పుడే తినొచ్చామండీ" అన్నారట, ఏడు సముద్రాలు దాటి!

మాంత్రికుడు అడిగాడు. "ఆకలేస్తోందా?"

మణిమేఘుడి నాలుక దానంతటది "అబ్బే" అనబోయింది. తొడ చురుక్కుమంది. అమ్మ చింతపురిలోనే ఉంది, తొడపాశం మాత్రం వెంట వచ్చేసింది.

అయినా తాబేలు మాట తలుచుకుని "వేస్తోంది" అన్నాడు, చెవులు ఎర్రబడుతుంటే.

"పప్పు వెయ్యనా?"

"వెయ్యండి."

మాంత్రికుడి కూతురు కనకాంగి నేతిగిన్నె పట్టుకొచ్చింది. "నెయ్యి?"

"నిండా పొయ్యి."

ఆమె నవ్వింది. అంతమాట అనేసినందుకు వాడికి భూమిలోకి పోదామనిపించింది. కానీ రాయి కాలేదు.

తీరా ముద్ద కలిపితే తినబుద్ధి కాలేదు. ఎదురుగా అన్నలున్నారు మరి. ఆ ముద్దని పెద్దన్న నోటి దగ్గర పెట్టాడు.

"అన్నయ్యా, ఒక్క ముద్ద." రాయి రాయిగానే ఉంది.

"నా మాట విను అన్నయ్యా." రాతికంట్లో తడి మెరిసింది.

"నువ్వు తినకపోతే నేనూ తినను."

"సరే, నువ్వింతగా అడుగుతుంటే" అని రాయి నోరు తెరిచింది. మీసానికి మెతుకులంటించుకుని పెద్దన్న లేచి కూర్చున్నాడు. మూడుసార్లు అడిగాక రెండోవాడూ లేచాడు.

మాంత్రికుడు మంత్రదండం ఎత్తాడు. "వద్దన్నవాణ్ణి మళ్ళీ అడుగుతావా! అతని మాట మీద నమ్మకం లేదా? ఎంత అమర్యాద!"

"నమ్మకం ఉందండీ. మావాళ్ళ మొహమాటం మీద ఇంకా ఎక్కువ ఉంది" అంటూనే మణిమేఘుడు కిటికీ వైపు పరుగెత్తాడు. అక్కడొక రాతిచిలుక మొహం తిప్పుకుని కూర్చుంది. దాని ముందు జామపండు. వాడు పండు అందుకుని ఒకసారి అడిగాడు, రెండుసార్లు అడిగాడు, మూడోసారి బతిమాలాడు. చిలుక పచ్చబడింది, రెక్క విదిల్చింది, పండు కొరికింది.

మాంత్రికుడు గుండె పట్టుకున్నాడు. దండం జారిపోయింది.

"మెడ తిప్పెయ్యి తమ్ముడూ! వాడి ప్రాణం అందులోనే ఉంది!" అని అరిచాడు పెద్దన్న.

"తినేవాళ్ళ జోలికి పోకూడదన్నయ్యా."

మాంత్రికుడు నేల మీద కూలబడ్డాడు. "మూడువందల ఏళ్ళ కిందట చింతపురి నుంచి తెచ్చుకున్నాను దాన్ని. పండు కావాలా అంటే వద్దంది, రాయైపోయింది. మళ్ళీ అడగడం మాకు తెలియదు. రోజూ ఒక పండు మాత్రం ముందు పెడుతున్నాను."

"ఇంకో రెండుసార్లు అడిగుంటే తినేదాన్ని కదయ్యా" అంది చిలుక, గింజలు ఉమ్ముతూ. అంత మాంత్రికుడూ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ రోజు నుంచి ఆయన ఎవరి మీదా దండం ఎత్తలేదు.

అప్పుడు కనకాంగి మణిమేఘుడి ముందుకొచ్చి తన దేశపు పద్ధతిలో సూటిగా అడిగింది. "నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

నెయ్యి అడగ్గలిగినవాడు ఇక్కడ తడబడ్డాడు. "అబ్బే, ఇప్పుడే పెళ్ళేమిటి" అన్నాడు, అన్నవాడు అన్నట్టే రాయైపోయాడు.

అన్నలు గొల్లుమన్నారు. కనకాంగి మాత్రం వాడి రాతిమొహాన్ని చూస్తూ నిలబడింది. రాయయ్యాడంటే మనసులో సరేనన్నాడన్నమాటే కదా! కానీ పుట్టి బుద్ధెరిగాక ఆమె ఏదీ రెండోసారి అడగలేదు. సిగ్గేసింది. అయినా అడిగింది. మూడోసారి వాడి చల్లటి చెయ్యి పట్టుకుని, గుసగుసగా అడిగింది.

ఆ చెయ్యి వెచ్చబడింది.

"సరే, నువ్వింతగా అడుగుతుంటే" అన్నాడు మణిమేఘుడు.

అన్నదమ్ములు చింతపురి చేరిన పూట రాణి వేసిన విస్తళ్ళు తినేవాళ్ళు లేక మిగిలిపోలేదు. కొత్తకోడలు ఐదో బొబ్బట్టు దగ్గర నిజంగానే వద్దంది. అత్తగారు ఆరోదీ వేసింది, ఏడోదీ వేసింది. అందుకే మణిమేఘుడు రాజయ్యాక మొట్టమొదటి శాసనం ఇలా చేయించాడు: "ఎవరినైనా మూడుసార్లు అడగండి. కానీ నా భార్య వద్దంటే వద్దనే." వాళ్ళిద్దరూ చాలాకాలం చల్లగా ఏలారు. శాసనాన్ని అందరూ పాటించారు, అత్తగారు తప్ప.