వెనక గుమ్మం వదిలేసిన ఎలుక

కాలవ పక్కన వరిచేను గట్టు లేదూ, అందులో ఎలుకల బడి ఉండేదండి. నవ్వకండి! మన పిల్లల చదువులు దాని ముందు ఏ మూలకి? పొద్దున్నే వెన్నులు కొరికే క్లాసు, ఎండెక్కాక కాలవలో ఈత, సాయంత్రం బొరియ తవ్వకం. కోతలయ్యేలోపు ఎవరి బొరియ వాళ్లు పూర్తిచేసి కోటయ్య మాస్టారికి చూపించాలి. ఆయన ముసలి ఎలుక, మహా కచ్చితం. పాసైతే బొరియ నీది. ఫెయిలైతే గట్టు మీద చోటే లేదు, పొమ్మంటారు.

అందులో రత్తి అని ఒక ఎలుకపిల్ల. తెలివైందేనండీ, కానీ ఒకటే పరుగు. ఈతలో ఉంటే బొరియ గుర్తొస్తుంది, బొరియలో ఉంటే వెన్నులు గుర్తొస్తాయి. పాపం, గింజ నోట్లో పెట్టుకునే నిద్రపోయేది.

ఓ సాయంత్రం మట్టి తోస్తూ ఏడుస్తుంటే నక్క మామ వచ్చాడు. మర్యాదగా, కాస్త దూరంగానే కూర్చున్నాడు.

"ఏమ్మా రత్తీ, మొహం అలా పీక్కుపోయిందేంటి?"

"టైం చాలట్లేదు మామా! ముందు గుమ్మం, గది, గింజల కొట్టు అయ్యాయి. వెనక గుమ్మం మొత్తం అలాగే ఉంది."

"అదెందుకు? మాస్టారు చూస్తారా?"

"ఆయన నడుం అంత లోపలికి వంగదు. ఉందా అని అడుగుతారు, అంతే."

"ఓసి పిచ్చిదానా! ఎవరూ చూడని పనికి సాయంత్రాలన్నీ తగలేస్తున్నావా? అది వదిలెయ్. ఆ టైంలో హాయిగా పడుకో. ఆరోగ్యం ముఖ్యం తల్లీ!"

ఎంత ప్రేమో చూడండి! రత్తికి ప్రాణం లేచొచ్చింది. పక్క బొరియ పోలికి చెబితే అది నోరెళ్లబెట్టింది.

"వెనక గుమ్మం లేకుండానా? నీకేమైనా మతి పోయిందటే!"

"నువ్వు తవ్వుకోవే. తవ్వీ తవ్వీ ముసలిదానివైపో."

"ఈత నుంచి వచ్చాక రోజూ కాసింత తవ్వుతా. అదెంత సేపు?"

"అందుకే ఎప్పుడూ నువ్వే లాస్టు!"

పరీక్ష రోజు మాస్టారు ముందు గుమ్మంలోంచి తొంగిచూశారు. "వెనక గుమ్మం ఉందామ్మా?"

"ఉందండీ," అనేసింది రత్తి, ఆయన కళ్లలోకి చూడకుండా. అందరికంటే ముందు అదే పాసైంది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం కొత్త బొరియలో కునుకు తీస్తోంది. ఉన్నట్టుండి గదంతా చీకటైపోయింది. కళ్లు తెరిచి చూస్తే ఏముందనుకున్నారు? ముందు గుమ్మం నిండా నక్క మూతి!

"మామా! నువ్వా!"

"నేనేనమ్మా. ఎన్నేళ్లుగానో తవ్వుతున్నా ఈ గట్టుని. ఇటు తవ్వితే మీవాళ్లు అటు పారిపోయేవాళ్లు. ఇవాళ ఆ బెంగ లేదులే."

 ఆరోగ్యం ముఖ్యం తల్లీ అన్నది ఈ నోరేనా! రత్తి వెనక్కి తిరిగితే గోడ. గీకింది, గీకింది. అంత మట్టి ఒక్క పూటలో కదిలేదా? ఇవతల నక్క పంజాకి మట్టి పెళ్లలు పెళ్లలుగా ఊడొస్తోంది.

గీకుతూ గీకుతూనే రత్తి గట్టిగా నవ్వింది.

"ఎందుకే ఆ నవ్వు?"

"పోలి తిట్టిందని సిగ్గేసి నిన్ననే వెనక గుమ్మం తవ్వేశాగా! గీకుడు వినపడట్లేదూ? చివర ఒక్క పొర మిగిలింది. కాలవ వైపు దూకేస్తున్నా, ఉంటా మామా!"

నక్క "ఆగవే!" అంటూ మూతి బయటికి లాక్కుని, ఒక్క గెంతులో గట్టెక్కి అటువైపు దూకాడు. అంతే, రత్తి ముందు గుమ్మంలోంచి తుర్రుమని పోలి ఇంట్లోకి దూరింది.

"ఏంటే, ఏమైంది?"

"మాట్లాడకు! నీ వెనక గుమ్మం ఎటు?"

పోలి చూపించింది. ఇద్దరూ అందులోంచి బయటపడి చేలో కలిసిపోయారు. మర్నాడు రత్తి మాస్టారి దగ్గరికెళ్లి ఉన్నదంతా చెప్పేసింది. "మళ్లీ తవ్వు. ఈసారి వెనకనుంచి మొదలుపెట్టు," అన్నారాయన.

నక్క మామ మాత్రం రత్తి పారిపోయిన రోజు పొద్దుగూకేదాకా కాలవ గట్టు తవ్వుతూనే ఉన్నాడండి. గోళ్లు అరిగిపోయాయి, మూతి నిండా బురద, లేని గుమ్మం కోసం.

చదువుకునే పిల్లలూ, టైం చాలనప్పుడు ఏదో ఒక పని వదలక తప్పదు గానీ, ఫలానాది వదిలెయ్ అని ఎవరైనా చెబితే, మీరు వదిలితే వాడికేం లాభమో ముందు చూసుకోండి.