చాప నిండా పెద్దమనుషులు

శశిధర్ ఉద్యోగానికి ముప్పు వచ్చిపడింది. హైదరాబాదులో టీవీ చూసేవాళ్లకు అతని ముఖం కొత్త కాదు. చర్చల్లో అందరికంటే పెద్ద గొంతు అతనిదే. అలాంటివాణ్ని చానల్ యజమాని పిలిచి, "ఈ నెలలో ఒక్క అసలైన వార్త తెస్తావా, నీ కుర్చీ ఇంకొకరికి ఇమ్మంటావా?" అని అడిగాడు.

పౌరుషం పొడుచుకొచ్చింది. కారు తీసుకుని నేరుగా మూసీ ఒడ్డున ఉండే రహ్మత్ బాబా దగ్గరికి వెళ్లాడు. చదువుకునే రోజుల్లో అన్నం పెట్టి, నాలుగు మంచి మాటలు చెప్పిన సూఫీ ఆయన. శశిధర్‌కు గురువంటే ఆయనే. గది చిన్నది. ఒక చాప, స్టవ్ మీద ఒక టీ కెటిల్, అరనిండా కప్పులు. ఎవరొచ్చినా బాబా తన చేత్తోనే టీ పోసిస్తారు.

"ఈ ఊళ్లో నాకు తెలియని పెద్దమనిషి లేడు బాబా. మరి వార్త నా దగ్గరికి ఎందుకు రావడం లేదు?"

బాబా అతనికి టీ అందించి, తన కప్పు తీసుకుని చాప మీద కూర్చున్నారు. "ఎవరెవరు తెలుసు, బేటా?"

ఆ మాట అడిగితే చాలు. శశిధర్ వచ్చిన కష్టమే మరిచిపోయాడు. "హోంమంత్రి పొద్దున లేస్తే నాకే ఫోన్ చేస్తాడు. శశీ అని తప్ప పిలవడు."

బాబా ఇంకో కప్పులో టీ పోసి అతని పక్కన పెట్టారు.

"ఇదెవరికి బాబా?"

"మంత్రిగారికి. వెంట తీసుకొచ్చావుగా."

పెద్దాయన వేళాకోళమాడుతున్నారనుకుని శశిధర్ నవ్వేశాడు. పోలీసు కమిషనరైతే తన భుజం మీద చెయ్యి వెయ్యనిదే ఫొటో దిగడన్నాడు. కమిషనర్‌కూ ఒక కప్పు వచ్చింది. ఓ సినిమా హీరో పెళ్లిలో తనకు ముందు వరసలో కుర్చీ వేశారట. ఢిల్లీ ఎడిటరొకాయన తనను అడగనిదే ఒక్క ముక్క రాయడట. అతని మాటలు కోటలు దాటుతున్నాయి, కప్పులు గుమ్మం దాకా వచ్చేశాయి.

"వాళ్లందరూ ఎందుకు బాబా, మొన్న ప్రెస్ క్లబ్బులో నా గురువు మీరని చెబితే ఒక్కొక్కడూ నోరెళ్లబెట్టాడు!"

బాబా తన కప్పు కూడా ఆ వరసలో పెట్టేశారు. చాప మీంచి లేచి గోడకు ఆనుకుని నిలబడ్డారు.

శశిధర్ నవ్వు ఆగిపోయింది.

అంతలో గుమ్మంలోకి ఒకామె వచ్చింది. పక్క బస్తీలో ఉండే బాలమణి. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయి ఉన్నాయి. "బాబా, టీవీ సారు ఈడికొచ్చిండంట గదా. జర ఒక్క మాట చెప్పుకోవాలె."

"చోటు లేదమ్మా," అన్నారు బాబా. "పెద్దలు కూర్చున్నారు."

ఆమె చాప మీద శశిధర్ ఒక్కణ్నీ, ఆవిర్లు కక్కుతున్న కప్పులనూ చూసింది. ఏమీ అర్థం కాలేదు. "మల్లొస్త బాబా," అని వెనక్కి తిరిగింది.

"ఆగమ్మా!"

శశిధర్ గబగబా వంగి మంత్రిని తీశాడు, కమిషనర్‌ను తీశాడు, వరసంతా తీసి మూలన పెట్టాడు. బాబా కప్పు మాత్రం రెండు చేతులతో ఆయనకే ఇచ్చాడు. తలెత్తి ఆయన ముఖంలోకి చూడలేకపోయాడు.

బాలమణి చాప అంచున కూర్చుంది. "నా కొడుకును నిన్న పొద్దుగాల పోలీసులు ఎత్కపోయిన్రు సారూ. ఏ ఠాణాకు పోయి అడిగినా మా తాన లేడనే అంటున్రు."

"అంతేనా? కమిషనర్ నాకు..."

బాబా చెయ్యి కెటిల్ మీదికి వెళ్లింది. శశిధర్ నోరు మూసుకున్నాడు. ఆమె ఎగశ్వాస వినపడింది. ఇందాకటి నుంచీ అలాగే వస్తోంది కాబోలు, అతనికిప్పుడు వినపడింది.

"మీ అబ్బాయి పేరేంటమ్మా?" అని మెల్లగా అడిగాడు.

"పాండు."

బాబా ఒక కప్పు కడిగి, నిండా టీ పోసి, బాలమణి పక్కన చాప మీద పెట్టారు.

"ఇతన్ని మాత్రం నిజంగానే తీసుకురా, బేటా."