ఓబులమ్మ బావి

జిలానీకి ఆ రోజు అన్నం సహించలేదు. పొద్దున్నే ఆశ్రమం పక్కింటి ఓబులమ్మ, వీధిలో నలుగురూ వింటుండగా అన్న మాట అతన్ని వదలడం లేదు.

"నా బాయిని చంపేసినావు కదా జిలానీ," అందామె. అరవలేదు. అరిచి ఉంటే అతను కూడా ఏదో ఒకటి అని ఉండేవాడు.

జిలానీకి అనంతపురంలో మోటార్లు బాగుచేసే షాపు ఉంది. తీరిక దొరికినప్పుడల్లా సూఫీ గురువు లతీఫ్ షా ఆశ్రమంలో సేవ చేసేవాడు. కిందటి ఎండాకాలం పేటకు మునిసిపాలిటీ నీళ్ళు సరిగ్గా రాక జనం అల్లాడుతుంటే, తన సొంత ఖర్చుతో ఆశ్రమం వాకిట్లో లోతుగా బోరు వేయించాడు. వీధి వైపు కుళాయి పెట్టించాడు. బురద కాకుండా వాకిలంతా సిమెంటు చేయించాడు. అప్పట్నుంచి మోటారుకు విశ్రాంతి లేదు. బిందెలు నింపుకున్నవాళ్ళు అతన్ని దీవిస్తూ వెళ్ళేవాళ్ళు. ఆ దీవెనలు అతనికి అలవాటైపోయాయి.

ఓబులమ్మ ఇల్లు ఆశ్రమం గోడకు ఆవలి పక్క. పెరట్లో కనకాంబరాలు పెంచి, మాలకట్టి, మార్కెట్లో అమ్ముకుని బతుకుతుంది. ఆ మొక్కలకు ఆధారం పెరట్లోని చేదబావి. ఎంత ఎండల్లోనూ అడుగంటని బావి. బోరు పడ్డాక ఊటంతా అటు లాగేసి, ఇప్పుడు చేద వేస్తే రాళ్ళు తగులుతున్నాయి. మొక్కలు సగానికి సగం మాడిపోయాయి.

మధ్యాహ్నం నమాజయ్యాక జిలానీ గురువు ముందు కూర్చున్నాడు.

"మన నేలలో, మన గోడ లోపలే బోరు వేశాను హజ్రత్. పేటంతా ఆ నీళ్ళే తాగుతోంది. ఆమెను రావద్దన్నానా? అందరితోపాటు లైన్లో నిలబడి పట్టుకోమన్నాను. నీళ్ళు దానం చేయడం కూడా తప్పేనా?"

లతీఫ్ షా అంతా విన్నాడు. సాయంత్రం లేచి పక్కింటికి వెళ్ళి, ఓబులమ్మను అడిగి ఒక బిందె తెచ్చుకున్నాడు.

కుళాయి దగ్గర వరుస సందు మలుపు దాకా ఉంది. ఆయన వెళ్ళి చివర్న నిలబడ్డాడు. వయసు మీద పడిన మనిషి. ముందున్నవాళ్ళు కంగారుగా జరిగి దారిచ్చారు. ఆయన కదల్లేదు.

సంగతి తెలిసి జిలానీ పరుగున వచ్చాడు. "హజ్రత్, లోపల తొట్టి నిండా నీళ్ళున్నాయి. మీరిక్కడ నిలబడటమేమిటి?"

"ఈ బిందె ఓబులమ్మది," అన్నాడు లతీఫ్ షా. "ఆమె నిలబడాల్సింది ఇక్కడే కదా?"

జిలానీ కూడా గురువు వెనకాలే నిలబడ్డాడు. వరుస మెల్లగా కదిలింది. వంతు వచ్చాక ఆయన బిందె నింపుకుని భుజాన పెట్టుకున్నాడు. జిలానీ చేయి చాపినా ఇవ్వలేదు.

ఓబులమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది. "ఏంది సామీ, మీరు మోసుకొచ్చేది? పిలిస్తే నేను రానా?"

"బావి ఎటువైపమ్మా?"

ఆమె పెరట్లోకి తీసుకెళ్ళింది. లతీఫ్ షా బావి గట్టు మీద బిందె ఆనించి, నీళ్ళన్నీ లోపలికి వంచేశాడు. అడుగున రాళ్ళ మీద పడిన చప్పుడు వినిపించింది. తర్వాత ఏమీ లేదు.

"అంతసేపు నిలబడి తెచ్చిన నీళ్ళు హజ్రత్," అన్నాడు జిలానీ. "ఇంకిపోయాయి. ఎవరికి పనికొస్తాయి?"

"ఇక్కడివే. ఇక్కడే పోశాను." ఆయన ఖాళీ బిందె జిలానీ చేతికిచ్చాడు. "పేటకు నీళ్ళిచ్చింది ఈ అమ్మ. పంచింది నువ్వు. ముందు ఒక మాట అడిగి ఉండాల్సింది."

ఓబులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జిలానీ ఎండిన మొక్కల వైపు చూస్తూ ఉండిపోయాడు.

మర్నాటి నుంచి మోటారు పొద్దున కాసేపే నడిచింది, తాగడానికి సరిపడా. బట్టలకూ బండ్లు కడగడానికీ నీళ్ళు లేవన్నాడు జిలానీ. దీవించిన నోళ్ళే గొణిగాయి. అతను ఆ మాటలు పడ్డాడు. వాన నీళ్ళు నేలలోకి ఇంకేలా, గడ్డపార తీసుకుని వాకిలి సిమెంటు తానే పగలగొట్టాడు. నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కున్న నీళ్ళు మురుక్కాలువలోకి పోకుండా, గోడ కింద గొట్టం వేసి కనకాంబరాల మొదళ్ళకు మళ్ళించాడు.

తర్వాత ఓబులమ్మ గుమ్మం ముందు నిలబడ్డాడు. "అక్కా, మా ఆశ్రమం మిద్దె మీద పడే వాన నీళ్ళు నీ బావిలోకి వదలొచ్చా?"

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "ఇసుకా కంకరా పోసి వడగట్టి వదులు. ఆకూ అలమూ పడితే మాత్రం ఊరుకోను."

అలాగే చేశాడు. అది చూసి సందులో ఇంకో రెండు మూడు మిద్దెల వాళ్ళు కూడా గొట్టాలు కలిపారు.

ఆ ఏడు వానలు ఆలస్యంగా వచ్చాయి. వచ్చాక మాత్రం బాగానే కురిశాయి. ఒకరోజు పొద్దున గోడవతల గిలక కిర్రుమంటుంటే జిలానీ తొంగి చూశాడు. అక్కడినుంచి నేరుగా గురువు దగ్గరికి వచ్చాడు.

"హజ్రత్, ఓబులమ్మక్క బావిలోకి నీళ్ళొచ్చాయి."

"ఆమె ఏమంది?"

"ఏమీ అనలేదు. నన్ను చూసింది. మళ్ళీ తన పాటికి తను తోడుకుంటోంది."

లతీఫ్ షా తల ఊపాడు.

"అయితే ఆమెది ఆమెకు సరిగ్గానే తిరిగిచ్చావు," అన్నాడు.