ఈదమ్మ చెట్టు

అనగా అనగా, కొండలకింకా పేర్లు పెట్టని కాలంలో, ఒక చరియ మీద నాలుగు గుడిసెలుండేవి. అక్కడివాళ్ళు తాళ్ళు కట్టుకుని చరియలోకి దిగి, పెరతేనె తెచ్చుకుని బతికేవాళ్ళు. ఆ తాళ్ళు పేనేది ఈదమ్మ.

ఒక ఏడు ఆమె మొగుడు తేనెకు దిగాడు. రెండు తాళ్ళు కట్టుకునే దిగాడు. మళ్ళీ పైకి రాలేదు.

"రెండు తాళ్ళు వేశాం కదమ్మా. ఇంకేం చేస్తాం? రాత," అన్నారు పెద్దలు.

ఈదమ్మ లోయలోకి పోయి చూసింది. తాళ్ళు తెగలేదు. రెండూ కట్టిన చెట్టే వేళ్ళతో ఊడిపడింది. ఏడ్చింది. ఆలోచించింది. మళ్ళీ ఏడ్చింది.

మరుసటేడు కొడుకు బయ్యన్న వంతొచ్చింది. ఈదమ్మ ఒక తాడు మద్దిచెట్టుకు కట్టింది. రెండోది లాక్కుంటూ పోయి, ఎక్కడో ఉన్న యేగిచెట్టుకు కట్టింది.

"అంత దూరం దేనికి వదినా?" అన్నాడు మరిది పోతన్న.

"పదిసార్లకొకసారి తాడో చెట్టో మోసం చేస్తోంది పోతన్నా. నూరుసార్లు దిగితే పదిసార్లు మొదటిది పోతుంది. ఆ పదింట్లో ఒక్కసారే రెండోదీ పోతుంది. ఒకే చెట్టుకు కడితే మాత్రం, చెట్టుతోపాటు రెండూ పోతాయి. దీని చేటు దానికి అంటకూడదు."

బయ్యన్న దిగాడు. తాళ్ళు బిగిశాయి.

ఉన్నట్టుండి మద్దిచెట్టు తాడు ఫట్టుమంది.

"బయ్యన్నా!" పలుకు లేదు.

"బయ్యన్నా!" పలుకు లేదు.

"బయ్యన్నా!"

"ఉన్నానమ్మా!"

పోతన్న ఊపిరి పీల్చుకున్నాడు. "ఇంక భయం లేదు వదినా. రెండూ పోయేది నూటికొకసారన్నావుగా."

"అది దిగకముందు మాట. ఇప్పుడు వాడికున్నది ఒక్క తాడు. పదికొకసారి పోయే తాడు! మొదటిది తెగిందని దీనికి తెలుసా? జాలిపడి ఆగుతుందా? ఇంకో తాడు తే!"

మూడో తాడు. మూడో చెట్టు. కట్టే తొందరలో ముడి జారింది. మళ్ళీ వేసింది. మళ్ళీ జారింది. మూడోసారి బిగిసింది. తాడు కిందికి విసిరింది. అందిందో లేదో తెలియలేదు. గాలి మాత్రం వీస్తోంది.

కాసేపటికి అంచు మీద ఒక చెయ్యి కనపడింది. తేనె లేదు, చేతుల నిండా నెత్తురు. అయినా బయ్యన్న పైకొచ్చాడు. అప్పుడు కూలబడింది ఈదమ్మ.

ఆమె ముసలిదై కన్నుమూసి ఎన్ని తరాలయ్యాయో. ఇప్పటికీ ఆ కొండల్లో రెండో తాడు కట్టే చెట్టును, అది ఏ చెట్టైనా సరే, ఈదమ్మ చెట్టనే అంటారు. దిగినవాడు పైకొచ్చి నేల మీద కాలు మోపేదాకా, అంచున ఎవ్వరూ కూర్చోరు.