గున్నమ్మ బొంతలో మూయని మూల

అనగనగా ఒక ఊళ్ళో... ఊరంటే ఊరు కాదులే, పట్నమే. సముద్రం ఉన్న విశాఖపట్నం. ఆ పట్నంలో గున్నమ్మ అని ఒక పిల్ల ఉండేది. బొద్దుగా ఉంటుందని ఇంట్లో పెట్టుకున్న ముద్దుపేరు అది. అడిగిందే అడిగేది, పాలు సగం తాగి గ్లాసు మంచం కింద దాచేది. నాకు తెలిసిన ఇంకో పిల్ల కూడా అలాగే చేస్తుందిలే.

ఆ గున్నమ్మకి ఒక బొంత ఉండేది. వాళ్ళ అమ్మమ్మ అప్పలనరసమ్మ తన పాత చీరలు మడతల మీద మడతలు పేర్చి కుట్టిన బొంత. గున్నమ్మ పుట్టినరోజు వచ్చిందంటే, ఆ ఏడు బిగుతైపోయిన గౌనులోంచి ఒక ముక్క కత్తిరించి అమ్మమ్మ దానికి అతికేది. ఉయ్యాల గుడ్డ ముక్క ఒకటి, బాతుల గౌను ముక్క ఒకటి, అలా ఐదు ముక్కలు పడ్డాయి.

ఒక మూల మాత్రం జానెడు మేర కుట్టకుండా వదిలేసేది. ఎందుకని అడిగితే, వచ్చే ఏటి ముక్క అక్కడే పడాలి, నువ్వు ఎదిగినన్నాళ్ళూ ఆ మూల మూయకూడదు అని చెప్పేది. గున్నమ్మ రోజూ ఆ మూలలో చెయ్యి దూర్చుకుని నిద్రపోయేది.

ఇలా ఉండగా అమ్మమ్మ విజయనగరంలో కొడుకింటికి వెళ్ళింది. అప్పుడు నీరజ అని ఒక అమ్మాయి గున్నమ్మ వాళ్ళింటికి వచ్చింది. బీచ్ రోడ్డు పక్క సందులో చిన్న మ్యూజియం పెట్టారట. అందులో ఉన్నవన్నీ గుడ్డతో, దారంతో ఈ కాలం వాళ్ళు చేసిన బొమ్మలూ వింతలేనట. వాటికి తోడుగా పాత బొంత ఒకటి ఇస్తే గోడకి పెట్టి వందేళ్ళు భద్రంగా చూసుకుంటామంది. గున్నమ్మ వాళ్ళ అమ్మ ఉబ్బి తబ్బిబ్బై, ఉన్న ఒక్క బొంతనీ మడతపెట్టి ఇచ్చేసింది. పిల్లకి కుందేలు బొమ్మల కొత్త దుప్పటి కొని తెచ్చింది. తెలివి చూడు మరి.

మొదటి రాత్రి గున్నమ్మ ఉక్కగా ఉందంది. రెండో రాత్రి కుందేళ్ళు గుచ్చుకుంటున్నాయంది. మూడో రాత్రి చెయ్యి ఎక్కడ దూర్చుకోవాలో తెలియక, గోడకి తిరిగి కళ్ళు తెరుచుకునే పడుకుంది. పాపం, నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టే ఉంది.

ఆ తర్వాత రోజు అమ్మమ్మ వచ్చింది. గున్నమ్మకి ఆరో పుట్టినరోజు. ఎర్ర గౌను జేబు కత్తిరించి చేత్తో పట్టుకుని, బొంత తెమ్మంది. గున్నమ్మ వాళ్ళ అమ్మ నీళ్ళు నమిలింది. సంగతంతా విన్నాక అమ్మమ్మ ఎర్ర జేబు ముక్కని కొంగున ముడేసుకుంది. సూదీ దారం సంచిలో వేసుకుని చెప్పులు తొడుక్కుంది. ముగ్గురూ బస్సెక్కి మ్యూజియానికి వెళ్ళారు.

మ్యూజియం అంటే రెండు గదులూ ఒక వసారా, అంతే. మొదటి గదిలో పైకప్పుకి నీలం చేపల వలలు వేలాడదీసి, వాటి నిండా చీరల అంచులు అల్లారు. కింద నిలబడితే సముద్రం అడుగున ఉన్నట్టే ఉంది. గున్నమ్మ దాని కింద పడుకుంటానంది. కాపలా అతను కుదరదన్నాడు.

రెండో గదిలో ఒక కుర్చీ. దానికి కాళ్ళ నుంచి తల దాకా రంగు రంగుల దారం చుట్టారు. అమ్మమ్మకి మోకాళ్ళు నొప్పులు కదా, అమ్మయ్య అని కూర్చోబోయింది. కాపలా అతను పరుగెత్తుకొచ్చి, అది చూడ్డానికే మామ్మగారూ, కూర్చోడానికి కాదన్నాడు. కూర్చోడానికి కాని కుర్చీ ఎవరికి పనికొస్తుందో అమ్మమ్మకి అర్థం కాలేదు.

అప్పుడు కనిపించింది బొంత, ఎదురుగోడ మీద. గున్నమ్మ పరుగెత్తి ముందు మూల చూసింది. మూల మూసేసి ఉంది. తెల్లదారంతో, చీమ దూరనంత సన్నని కుట్టు. ఇక తను ఎదగదేమోనని గున్నమ్మ అరచెయ్యి నడినెత్తిన పెట్టుకుని తన ఎత్తు చూసుకుంది. ఆ తర్వాత బావురుమని ఏడ్చింది.

ఏడుపు విని నీరజ వచ్చింది. మూల చిరిగిందనుకుని తనే రెండు గంటలు కూర్చుని కుట్టానంది. అమ్మమ్మ కుట్టు మీద వేలు పెట్టి చూసి మెచ్చుకుంది.

"కుట్టు బాగుందమ్మా. కానీ అది చిరుగు కాదు. పిల్ల ఎదుగుడు ఆగేదాకా ఆ మూల అలా వదిలెయ్యాల. దీనికి ఇంకా శానా ముక్కలు పడాల."

నీరజ కంగారుపడిపోయింది. రేపే పట్నంలోని పెద్దపెద్దవాళ్ళు మ్యూజియం చూడ్డానికి వస్తున్నారు. ఆ గోడకి ఈ బొంత తప్ప ఇంకేం లేదు. ఒక్క నెల ఉండనివ్వమని బతిమాలింది. గున్నమ్మ ముక్కు తుడుచుకుని అడిగింది:

"అయితే ఈ నెలంతా నేను ఎదక్కుండా ఉండాలా?"

నీరజ ఆ పిల్ల వంక చూసింది. గోడ వంక చూసింది. ఆ తర్వాత వెళ్ళి చిన్న కత్తెర తెచ్చింది. తను వేసిన కుట్లన్నీ తనే ఒక్కొక్కటీ విప్పింది. కుట్టడానికి రెండు గంటలు, విప్పడానికి పావుగంట.

కూర్చుని కుట్టడానికి చోటేదని అమ్మమ్మ చూస్తుంటే, నీరజ ఆ దారాల కుర్చీయే చూపించింది. అమ్మమ్మ దర్జాగా అందులో కూర్చుని ఎర్ర జేబు అతికింది. మూల మళ్ళీ జానెడు వదిలింది. గున్నమ్మ బొంత కప్పుకుని, వలల కింద నేలమీద పడుకుని, మూలలో చెయ్యి దూర్చింది. మూడు రాత్రుల నిద్ర ఒక్కసారే ముంచుకొచ్చింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని మెల్లగా నడిచారు. కాపలా అతను కూడా.

బొంత ఇంటికొచ్చేసింది. నీరజ ఖాళీ గోడ మీద ఒక చీటీ అంటించింది. "ఇక్కడి బొంత నిద్రపోవడానికి ఇంటికి వెళ్ళింది. పాప ఎదిగాక వస్తుంది" అని. మర్నాడు వచ్చిన పెద్దవాళ్ళు ఆ గోడ దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డారట.

అప్పటినుంచి నీరజ ఏటా ఫోను చేస్తుంది, పాప ఎదిగిందా అని. ఇంకా లేదమ్మా అనేది అమ్మమ్మ. పరికిణీ ముక్క పడింది. కాలేజీ చున్నీ ముక్క పడింది. అమ్మమ్మ తర్వాత ఆ సూది గున్నమ్మ వాళ్ళ అమ్మ చేతికొచ్చింది. పెళ్ళిచీర ముక్క కూడా పడ్డాక, ఇక మూల మూసి మ్యూజియానికి ఇచ్చేద్దామని దారం ఎక్కించింది.

అప్పుడు నువ్వు పుట్టావు.

గున్నమ్మ ఎవరంటావా? వంటింట్లో గిన్నెలు సర్దుతోందే, మీ అమ్మ. బొంత ఇచ్చేసిన ఆ తెలివిగలావిడ ఎవరంటావా? నేనేరా కన్నా. మొన్న నీరజ గారు ఫోను చేస్తే మీ అమ్మ ఏమందో తెలుసా? "మా ఇంట్లో ఇంకో పాప ఎదుగుతోందండీ" అంది. ఏదీ, చెయ్యి ఇలా ఇయ్యి. ఇదిగో మూల. దూర్చుకో.

కథేమో పోయింది కంచికి,
గున్నమ్మ చేరింది ఇంటికి,
బొంతేమో వచ్చింది నీ ఒంటికి,
నిద్రొకటే రావాలి కంటికి.